కిరసనాయిలు కడగలేని ఉప్పు

గోదావరి జిల్లాల్లో లైసెన్సు తుపాకి ఉన్నవాళ్ళ మధ్య ఒక మాట వేదవాక్కులా చెల్లుబాటవుతోంది: తుపాకికి నీళ్ళు తగలనివ్వకూడదు. పేల్చిన రోజు సాయంత్రం కిరసనాయిల్లో ముంచిన గుడ్డను గొట్టంలోంచి నాలుగుసార్లు లాగి, మీద కాస్త మిషను నూనె రాసి సంచిలో పెట్టేస్తే పనైపోయినట్టే. పంట కాపలాకు సింగిల్ బ్యారెల్ ఉంచుకున్న రైతు ఇదే చెబుతాడు. బ్యాంకు గుమ్మంలో డబుల్ బ్యారెల్ పట్టుకు నిలబడే మాజీ సైనికుడూ ఇదే చెబుతాడు. రిటైరైన హెడ్ కానిస్టేబులు గారైతే బల్ల గుద్ది మరీ చెబుతారు. రేషన్ షాపులో కిరసనాయిలు కనబడటం మానేసి ఏళ్ళయినా ఈ నమ్మకానికి మాత్రం సరఫరా ఆగలేదు.

ఇంతమంది పెద్దలు ఒక్క గొంతుతో చెబుతున్నదాన్ని కాదనడం కాస్త ఇబ్బందే. అయినా ఆ మాట తప్పు. ఎక్కడైనా తప్పే గాని, ఒక పక్క సముద్రమూ మరో పక్క గోదావరి పాయలూ ఉన్న ఈ చెమ్మనేల మీద మరీ పెద్ద తప్పు.

అసలు గొట్టంలో మిగిలేదేమిటో చూద్దాం. తూటా అడుగున చిన్న క్యాప్ ఉంటుంది. ఫైరింగ్ పిన్ దాన్ని కొట్టగానే పుట్టే నిప్పే లోపలి మందును అంటిస్తుంది. పాతకాలపు తూటాల క్యాప్‌లో ఉండే ముఖ్యమైన సరుకు పొటాషియం క్లోరేట్. దెబ్బ తగిలితే అంటుకునే మందుతో తుపాకి పేల్చే పద్ధతికి 1807లో అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే స్కాట్లండ్ మతబోధకుడు పేటెంటు తీసుకున్న నాటినుంచి నూరేళ్ళకు పైగా ఈ క్లోరేట్‌దే రాజ్యం. పేలినప్పుడు అది తనలోని ఆక్సిజన్‌ను మంటకు ఇచ్చేసి పొటాషియం క్లోరైడ్‌గా మిగిలిపోతుంది. ఆ వేడికి ఆవిరై గొట్టం పొడవునా పాకుతుంది, చల్లబడగానే ఉక్కు గోడమీద కంటికి ఆనని పొరగా దిగుతుంది.

పొటాషియం క్లోరైడ్ అంటే ఏదో లేబొరేటరీ సీసాలోని వస్తువు అనుకోకండి. సార్వాకు ఆఖరి దమ్ములో ఒక మోతాదు, చిరుపొట్ట దశలో ఒక మోతాదు మనం చేలో చల్లే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అదే. ఆ బస్తా మూతి విప్పి వానాకాలంలో కొట్టంలో వదిలేస్తే ఏమవుతుందో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెమ్మ లాగుతుంది, గడ్డ కడుతుంది, ఆనించి పెట్టిన పలుగూ పారా ఎర్రబారతాయి. అందుకే పొటాష్ అంటిన పారను సాయంత్రం బోదెలో శుభ్రంగా జాడించి గట్టున పెడతాడు. అదే మనిషి, అదే పొటాష్ అంటిన తుపాకి గొట్టానికి వచ్చేసరికి కిరసనాయిలు డబ్బా తీస్తాడు. పారకున్న న్యాయం పారకన్నా ఎన్నోరెట్లు ఖరీదైన తుపాకికి ఎందుకు లేకపోయిందో నాకు అర్థం కాదు.

నమ్మకం కుదరనివాళ్ళు దీపావళికి పిల్లలకు కొనిచ్చిన రేకు పిస్తోలును చూడండి. రోల్ క్యాపుల్లో ఉండేదీ ఈ క్లోరేటే. మరుసటి దీపావళికి అటకమీంచి దించితే సుత్తి పడేచోట తుప్పు పేరుకుని ఉంటుంది. దానికెవరూ నీళ్ళు తగిలించలేదు మరి!

ఉప్పు ఉన్నంత మాత్రాన తుప్పు పట్టదు, ఉప్పుకు చెమ్మ తోడవ్వాలి. గాలిలో తేమ దాదాపు 84 శాతం దాటితే పొటాషియం క్లోరైడ్ తనంత తానే గాలిలోని నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పుకైతే ఆ గీత ఇంకా కిందే, 75 దగ్గరే. అమలాపురం, నరసాపురం, అంతర్వేది, కాకినాడ తీరాల్లో వానాకాలపు రాత్రుళ్ళు ఈ రెండు గీతలూ దాటడం మామూలు సంగతి. పుష్యంలో కాలవ గట్ల మీద మంచు దిగే తెల్లవారుజాముల్లోనూ అంతే. పగలు ఆరి, రాత్రి మళ్ళీ తడిసి, గొట్టం లోపల ఆ పొర ఇనుమును కొద్దికొద్దిగా కొరుకుతూ ఉంటుంది. పైగా క్లోరైడ్‌కు ఒక పాడు గుణం ఉంది, తుప్పు పట్టించడంలో తాను ఖర్చయిపోదు. ఒకచోట ఇనుమును కదిలించి, తాను విడివడి, పక్కనున్న కొత్త ఇనుము మీద పడుతుంది. తుడిచి తీసెయ్యనంత కాలం దాని పని అది చేసుకుంటూ పోతుంది. గొట్టంలోకి వెలుతురు పెట్టి చూస్తే నల్లటి చుక్కల్లా కనిపించే గుంటలు అలా పుట్టినవే. ఒకసారి గుంట పడ్డాక ఏ నూనే దాన్ని పూడ్చలేదు.

ఇక కిరసనాయిలు సంగతి. మసిని వదిలిస్తుంది, జిడ్డును కరిగిస్తుంది, గుడ్డ నల్లగా వస్తుంది, చూసినవాడికి తృప్తిగా ఉంటుంది. ఉప్పును మాత్రం ముట్టుకోదు. 20 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీళ్ళు దాదాపు 34 గ్రాముల పొటాషియం క్లోరైడ్‌ను కరిగించుకుంటాయి, మరిగే నీళ్ళయితే 56 గ్రాములు. కిరసనాయిలు కరిగించుకునేది లెక్కలోకే రాదు. ఒక రైఫిల్ క్యాప్‌లో ఉండే మందు మొత్తం కలిపినా గ్రాములో ఇరవయ్యో వంతుకు తూగదు. అంటే చెంబెడు నీళ్ళు చేసే పనిని డబ్బాడు కిరసనాయిలు చేయలేదు. ఆపైన రాసే నూనె మరో ఉపకారం చేస్తుంది, మిగిలిన ఉప్పు మీద కప్పులా కూర్చుంటుంది. ఆ కప్పు చెమ్మను పూర్తిగా ఆపలేదు. పైకి గొట్టం నిగనిగలాడుతుంటుంది, కింద పని సాగిపోతుంటుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. వందేళ్ళ క్రితమే తేలింది. అంతకుముందు నిపుణులు కూడా పొగరాని మందులోని ఆమ్లపు వాయువులు ఉక్కులోకి ఇంకి, తర్వాత చెమటలా బయటికొచ్చి తుప్పు పట్టిస్తాయని నమ్మేవారు. అమెరికా గనుల బ్యూరోకు చెందిన విల్బర్ట్ హఫ్ ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టి, దోషి మందు కాదు, క్యాప్ వదిలిన ఉప్పేనని 1922లో వెలువడిన పత్రంలో చూపించాడు. పత్రం విషయమే నూనె రాసిన గొట్టంలో నూనె కిందనే పట్టే తుప్పు. నూనె రాస్తే చాలనే వాదానికి ఇంతకన్నా సూటి జవాబు ఏముంటుంది?

ఆ 1922 మనకు వేరే కారణంగా గుర్తున్న సంవత్సరం. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు దళం వరసగా మూడు పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు పట్టుకుపోయింది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు నేలకూలారు. ఆనాటి బ్రిటిష్ ఇండియా పోలీసు తూటాల్లో క్లోరేట్ క్యాప్ లేనిది లేదు. మన్యంలో ఆగస్టు, సెప్టెంబరు అంటే ఎడతెరిపి లేని వానలు. ఉద్యమాన్ని ఎంత గొప్పగా చెప్పుకున్నా, తుపాకి కథ చెప్పేటప్పుడు మనవాళ్ళు ఎన్ని పట్టుకుపోయారో లెక్క చెప్పి ఊరుకుంటారు. ఆ వానల్లో, ఆ తూటాలు కాల్చిన గొట్టాన్ని మర్నాటికి పనికొచ్చేలా ఉంచడమే సగం యుద్ధమని ఎవరూ రాయరు. సామాను మీద మనకున్న శ్రద్ధ ఆ మాత్రం.

"ఇది తెల్లదొరల నాటినుంచి వస్తున్న పద్ధతి, వాళ్ళకు తెలియదా?" అనేది తర్వాతి బాణం. తెలుసు, చాలా బాగా తెలుసు. బ్రిటిష్ సైన్యం .303 రైఫిల్‌ను కాల్చాక గొట్టంలోకి మరిగే నీళ్ళు పోయించేది. బోల్ట్ తీసి, వెనకనుంచి గరాటు పెట్టి పోయాలి, ముందు మూతిలోంచి కారిపోవాలి. ఆ తర్వాతే పుల్‌త్రూ తాడుకు చిందీ కట్టి లాగడం, ఆఖరున నూనె. మరి మనదాకా నూనె ఒక్కటే ఎలా వచ్చింది? నా ఊహ ఇది. నూనె సీసా, పుల్‌త్రూ రైఫిల్ బట్‌లోనే దాచి ఉండేవి, సిపాయి ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్ళాయి. గరాటూ, నీళ్ళు కాచే డేక్సా బ్యారక్సులో ఉండిపోయాయి. సిపాయి పెన్షన్ తీసుకుని ఊరొచ్చేటప్పుడు తన చేతికి అలవాటైన నూనె సీసానే గుర్తు తెచ్చుకున్నాడు. క్లోరేట్ లేని కొత్త రకం తూటాలు వచ్చాక నీళ్ళ అవసరం తగ్గి, శిక్షణలోనూ ఆ పాఠం వెనక్కిపోయింది. దొరల పద్ధతి అని మనం పట్టుకు వేలాడుతున్నది ఆ పద్ధతిలో సగమే, అదీ రెండో సగం.

నాటు తుపాకుల చరిత్ర ఇంకా పాతది. మూతిలోంచి నల్ల తుపాకిమందు దట్టించే తుపాకి కాల్చాక మిగిలే మడ్డిలో పొటాషియం కార్బొనేట్, సల్ఫేట్ ఉంటాయి. అవీ చెమ్మ తాగేవే, నీటిలో కరిగేవే. ఆ మందు రోజుల్లో వేటగాళ్ళు మామూలుగా గొట్టాన్ని నీళ్ళతోనే కడిగేవారు. అంటే నీళ్ళంటే భయం మన తాతముత్తాతల సంప్రదాయం కాదు, మధ్యలో వచ్చి చేరిన అలవాటు.

"మా తాతగారి తుపాకి యాభై ఏళ్ళుగా కిరసనాయిలు మీదే ఉంది, ఇప్పటికీ పేలుతుంది" అనే వాదన కాస్త ఓపిగ్గా వినాల్సినది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. గుడ్డ గట్టిగా బిగించి పదేపదే లాగితే, కరగకపోయినా మసితో పాటు కొంత ఉప్పు రాలి వస్తుంది. ఏడాదికి రెండు తూటాలు కాల్చే తుపాకికి అది కొన్నేళ్ళు సరిపోవచ్చు. అనంతపురం ఎండలో అయితే ఇంకా కొన్నేళ్ళు. కానీ పేలడం వేరు, గొట్టం బాగుండటం వేరు. ఆ తాతగారి తుపాకిని ఖాళీ చేసి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, వెలుతురుకేసి పట్టి లోపలికి చూడమనండి. పన్నెండు బోరుకు లోపల గాడులుండవు కాబట్టి గుంటలు పడ్డా దెబ్బ వెంటనే తెలియదు. గాడులున్న రైఫిల్‌కు ఆ మినహాయింపు లేదు, గుండు గురి తప్పుతుంది, గుంటల్లో లోహం పేరుకుని తర్వాతి శుభ్రం మరింత కష్టమవుతుంది. బాగున్న తుపాకులే ఇంకా ఇంట్లో ఉంటాయి గనక వాటి కథే మనం వింటాం. తుప్పుకు పోయిన తుపాకులు ఎప్పుడో స్టేషన్లో అప్పజెప్పేశారు, వాటి తరఫున మాట్లాడే మనవడు లేడు.

అమ్మోనియా కలిపిన అద్దాల లిక్విడ్ కొడితే ఉప్పు "విరిగిపోతుంది" అని కాస్త చదువుకున్న కుర్రాళ్ళు చెబుతున్నారు. పొటాషియం క్లోరైడ్ ఆమ్లం కాదు, విరగడానికి. అదొక తటస్థ లవణం. అమ్మోనియాకు గొట్టంలో చేరిన రాగి మరకలను లాగే గుణం ఉంది, ఉప్పు విషయంలో ఆ సీసాలో పనిచేసేది అందులోని నీళ్ళే. ఆ మాత్రానికి డబ్బు పెట్టి కొనాలా? తినే సోడా సంగతీ అంతే. క్రోమ్ పూత ఉన్న గొట్టానికి భయం లేదనేవారు ఆ పూత గొట్టం లోపలే ఉంటుందని, బోల్ట్ ముఖానికీ, కాల్చిన తూటాను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్‌కూ మామూలుగా ఉండదని మరచిపోతున్నారు.

ఇనుమును నీళ్ళనుంచి దూరంగా ఉంచడమే ఇనుమును కాపాడటం అనుకునేవారికి ఒక ముచ్చట. అమెరికా అంతర్యుద్ధం నాటి మానిటర్ అనే ఇనుప యుద్ధనౌక 1862 డిసెంబరు ఆఖరున మునిగిపోయింది. దాని ఫిరంగి బురుజును 2002లో సముద్రంలోంచి పైకి తీశారు. తీసి ఆరబెట్టలేదు, నూనె పూయలేదు. న్యూపోర్ట్ న్యూస్ మ్యూజియంలో పెద్ద తొట్టి కట్టి, క్షారం కలిపిన నీళ్ళలో ఏళ్ళ తరబడి నానబెట్టారు, ఇనుములోకి ఇంకిన క్లోరైడ్ అంతా బయటికి రావాలని. ఆరబెడితే పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుందని వాళ్ళకు తెలుసు. ఇనుముకు శత్రువు నీళ్ళకన్నా ఉప్పు అని ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు ఆరిపోదు.

"ఇప్పుడు ఆ రకం తూటాలు ఎక్కడున్నాయండీ, ఈ గొడవంతా ఎందుకు?" అనేది ఆఖరి వాదన. 1920ల చివర జర్మనీలోనూ అమెరికాలోనూ క్లోరేట్ లేని క్యాపులు బజారుకు వచ్చిన మాట నిజం. అయినా అమెరికా సైన్యమే 1950ల ఆరంభం దాకా తన రైఫిళ్ళకు పాత క్యాపులనే వాడింది, నిలవలో చెడిపోకుండా ఉంటాయనే నమ్మకంతో. మన కిర్కీ ఫ్యాక్టరీ ముద్రతో వచ్చిన పాత .303 తూటాలూ ఉప్పు వదిలే జాతివే. అల్మారా మూల డబ్బాలో పాత నిల్వ ఉన్నవాళ్ళు, నిపిల్ మీద క్యాప్ పెట్టి కాల్చే తుపాకివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తూటా మొహం చూసి లోపలి క్యాప్ ఏ జాతిదో ప్రతిసారీ చెప్పడం కుదరదు. తెలియనప్పుడు ఉప్పు ఉన్నట్టే అనుకుని కడిగితే పోయేది చెంబెడు నీళ్ళు. లేనట్టు అనుకుని వదిలేస్తే పోయేది గొట్టం.

కడగడం బ్రహ్మవిద్యేం కాదు. ముందు తుపాకి ఖాళీగా ఉందో లేదో చూడాలి, మళ్ళీ చూడాలి, తూటాలు వేరే గదిలో పెట్టాలి. పేల్చిన రోజే కడగాలి, ఆదివారం దాకా ఆగకూడదు. మరిగే నీళ్ళే ఎందుకంటే, ఉప్పును ఎలాగూ చన్నీళ్ళూ కరిగిస్తాయి గాని, వేడినీళ్ళకు గొట్టం కాగి, మిగిలిన తడి దానంతటదే ఆవిరైపోతుంది. చన్నీళ్ళతో కడిగితే ఆరబెట్టే శ్రమ మనది. గొట్టం వెనకనుంచి గరాటుతో పోయాలి, చెక్క కిందికి నీళ్ళు దిగకుండా మూతిని కిందికి వంచాలి. డబుల్ బ్యారెల్ అయితే గొట్టాలు విడదీసి కడగడం ఇంకా సులువు. నాటు తుపాకికి నిపిల్ విప్పి అక్కడా కడగాలి, సగం తుప్పు పట్టేది అక్కడే. రైఫిల్‌కు బోల్ట్ ముఖం, ఎక్స్‌ట్రాక్టర్ సందు తడిగుడ్డతో తుడవాలి, క్యాప్ నుంచి వెనక్కి వచ్చిన ఆవిరి అక్కడా చేరుతుంది. గుడ్డ పొడిగా బయటికొచ్చేదాకా తుడిచి, అప్పుడు నూనె. కిరసనాయిలు మీద అంత మమకారం ఉంటే మసి వదిలించడానికి నీళ్ళ తర్వాత వాడుకోండి, ఎవరూ కాదనరు. మర్నాడు, ఆ మర్నాడు మళ్ళీ ఒక గుడ్డ లాగి చూడాలి. గుడ్డమీద ఎరుపు కనిపిస్తే మళ్ళీ నీళ్ళే.

దసరాకు ఆయుధపూజ చేసేవాళ్ళకు ఒక మాట. పసుపూ కుంకుమా బయట పెట్టండి, బాగుంటుంది. లోపల మాత్రం ముందే కడిగి ఉండాలి, ఆ తర్వాత వచ్చేది ఈశాన్య రుతుపవనం, తుపాన్ల కాలం.

ఇంతకన్నా ముఖ్యమైన సందర్భం ఎన్నికలు. ఎన్నికల నియమావళి రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్లలో జమ చేయిస్తారు. 2024లో షెడ్యూలు మార్చి 16న వచ్చింది, పోలింగు మే 13న, లెక్కింపు జూన్ 4న. అంటే జమ చేసిన తుపాకి దాదాపు రెండున్నర నెలలు పరాయి గదిలో గోడకు ఆనుకుని ఉంటుంది. ఎండాకాలపు ఉక్కపోతలో మొదలై తొలకరి ముంగిట ముగిసే రెండున్నర నెలలు. యజమాని అందుబాటులో ఉండడు, కానిస్టేబుల్‌కు అది తన పని కాదు. కడగకుండా నూనె రాసి జమ చేసిన గొట్టం జూన్‌లో చేతికొచ్చేసరికి ఎలా ఉంటుందో, పోలీసులే పాడుచేశారని ఎవరెవరు నొచ్చుకుంటారో ఊహించడం కష్టం కాదు. తప్పు జమ గదిది కాదు, దానికి ముందురోజు సాయంత్రానిది.

కాబట్టి లైసెన్సుదారులకు ఒక మనవి: మళ్ళీ జమ చేయమని కబురొచ్చినప్పుడు, తుపాకి పట్టుకుని స్టేషన్‌కు బయల్దేరే ముందు పొయ్యిమీద డేక్సా నీళ్ళు పెట్టండి. జమ చేయించుకునే స్టేషన్లకూ, జిల్లా ఆర్మరర్లకూ ఒక మనవి: తుపాకి నంబరూ తూటాల లెక్కా రాసే రసీదులోనే "గొట్టం నీళ్ళతో కడిగి ఆరబెట్టినది" అని ఇంకొక్క గడి చేర్చండి. అది ఖాళీగా ఉంటే తుపాకి తీసుకోకముందే యజమానికి చెప్పండి.